మార్కులున్నా మాట రాకపోతే: ఇంజినీరింగ్ పిల్లలకు కమ్యూనికేషన్ ఎందుకు?

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో క్యాంపస్ సెలక్షన్లు మొదలయ్యాక చాలా కాలేజీల్లో కనిపించే దృశ్యం ఒకటుంది. రాత పరీక్షలోనూ, కోడింగ్ రౌండ్‌లోనూ ముందున్న అబ్బాయి ఇంటర్వ్యూ గదిలోంచి ఐదు నిమిషాలకే బయటికొచ్చేస్తాడు. ‘ఏం అడిగార్రా?’ అని స్నేహితులు చుట్టుముడితే, ‘నా ప్రాజెక్టు గురించే అడిగారు, కానీ చెప్పలేకపోయా’ అంటాడు. డబ్బులిచ్చి బయట చేయించుకున్న ప్రాజెక్టయితే చెప్పలేకపోవడంలో వింతేమీ లేదు. కానీ నెలల తరబడి తనే కూర్చుని చేసిన పని గురించి కూడా చెప్పలేకపోయే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటికొస్తే అమ్మీ, అబ్బా అడుగుతారు: ‘మార్కులన్నీ బాగానే ఉన్నాయి కదా బేటా, మరెందుకు రాలేదు?’ దానికి వాడి దగ్గర జవాబు ఉండదు.

కంపెనీ వాళ్లు చెప్పే కారణం ఒక్క మాటలో ఉంటుంది: కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు. ఈ మాటను ఇంట్లో అందరూ ‘ఇంగ్లీషు రాదట’ అని అర్థం చేసుకుంటారు. వెంటనే ఏదో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో నెల రోజులు చేర్పిస్తారు. ఇంగ్లీషు కావాలి, అందులో సందేహం లేదు. అయితే అది సగం మాత్రమే. ఎదుటి మనిషి ఒక నిర్ణయం తీసుకోవాలంటే అతనికి ఏం తెలియాలో గుర్తించి, దాన్ని అతనికి అర్థమయ్యేలా, సమయానికి చెప్పగలగడమే ఇంజినీరు నుంచి కోరే కమ్యూనికేషన్. గడగడా ఇంగ్లీషు మాట్లాడుతూ అసలు విషయం చెప్పలేని వాళ్లూ ఉన్నారు. వచ్చీరాని ఇంగ్లీషులోనే పని స్పష్టంగా వివరించి ఉద్యోగం తెచ్చుకున్న వాళ్లూ ఉన్నారు.

ఇది కంపెనీలు సరదాకి పెట్టిన షరతు కాదు. ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్, పట్టా పుచ్చుకునే విద్యార్థిలో ఏయే సామర్థ్యాలు ఉండాలో జాబితా రాసింది. చాలా ఏళ్లు వాడుకలో ఉన్న 12 అంశాల జాబితాలో పదోది కమ్యూనికేషన్. రిపోర్టులు చదివి అర్థం చేసుకోవడం, రాయడం, నలుగురి ముందు వివరించడం, సూచనలు స్పష్టంగా ఇవ్వడం, అంతే స్పష్టంగా అందుకోవడం అందులో ఉన్నాయి. ఈ బోర్డు 2014లో వాషింగ్టన్ అకార్డ్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. అంటే గణితం, డిజైన్‌లాగే ఇది కూడా చదువులో భాగమే.

మాట సరిగ్గా చేరకపోతే ఎంత నష్టం జరుగుతుందో చెప్పే ఘటన ఒకటి మన దేశానికి బాగా దగ్గరిది. 2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ పైకెగిరింది. అందులో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా ఉన్నారు. ఎగిరిన నిమిషంన్నర లోపే పెద్ద ఇంధన ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే, ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో ఇంజినీర్లు లెక్కలు కట్టి అధికారులకు స్లైడ్ల రూపంలో చూపించారు. వాటిలో ఒక స్లైడు ప్రమాదం తర్వాత బాగా చర్చకు వచ్చింది. దాని శీర్షిక చూస్తే పెద్ద ప్రమాదం లేదన్న భావన కలుగుతుంది. అసలు సంగతి మాత్రం అట్టడుగు వరుసలో చిన్న అక్షరాల్లో ఉంది: గతంలో పరీక్షించిన ఫోమ్ ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు రెక్కకు తగిలింది సుమారు 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది! పాత పరీక్షల ఫలితాలు దీనికి పనికిరావని ఒక్క ముక్కలో పైనే రాసి ఉండాల్సింది.

ఇంకో విషయం కూడా ఉంది. రెక్క ఎలా ఉందో కక్ష్యలోనే ఫొటోలు తీయించి చూడాలని నాసా ఇంజినీరు ఒకరు గట్టిగా కోరుకున్నారు. ఆ అడిగిన మాట ముందుకు సాగలేదు. ఆయన ఘాటుగా ఒక మెయిల్ రాసుకుని కూడా పై అధికారులకు పంపకుండా ఆగిపోయారు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా టెక్సస్ మీద షటిల్ ముక్కలైంది. ఏడుగురూ మరణించారు. ప్రమాదానికి భౌతిక కారణం ఫోమ్ దెబ్బే. కానీ అదే ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక ఆ స్లైడును ప్రత్యేకంగా విమర్శించింది. సంస్థ లోపల కింది వాళ్ల ఆందోళన పైకి చేరకపోవడాన్నీ తప్పుపట్టింది. అక్కడున్న వాళ్లందరికీ ఇంగ్లీషు బాగా వచ్చు. లోపం భాషలో లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరే మన పిల్లలు రాకెట్లు ఎగరేయకపోవచ్చు. కానీ వాళ్లు చేసే పొరపాట్లు ఇదే కోవలోవి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన మొదటి నెలలో ఒక పిల్లవాడు టీమ్ లీడ్‌కు ఇలా మెయిల్ పెడతాడనుకుందాం: ‘సర్, అప్లికేషన్ పనిచేయడం లేదు, దయచేసి చూడండి.’ చదివిన మనిషికి ఏమీ తెలియదు. అదే విషయాన్ని ‘ఉదయం 11 నుంచి పేమెంట్ పేజీలో ఎర్రర్ వస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రమే వస్తోంది. నిన్న సాయంత్రం పెట్టిన మార్పు తర్వాతే మొదలైంది. ఆ మార్పును వెనక్కి తీయమంటారా?’ అని రాస్తే పది నిమిషాల్లో పని తెమిలిపోతుంది. వ్యాకరణంలో తప్పొకటి దొర్లినా ఎవరూ పట్టించుకోరు.

రెండో పొరపాటు ‘ఓకే సర్’. అర్థమైనా కాకపోయినా తలూపేయడం. పెద్దలకు ఎదురు ప్రశ్న వేయకూడదని ఇంట్లో నేర్పిన అదబ్ ఇక్కడ అడ్డొస్తుంది. మన ఇళ్లలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ‘ఎక్కువ మాట్లాడకు’ అన్న మాట వింటూ పెరుగుతారు. అదబ్ మంచిదే, దాన్ని వదులుకోనక్కర్లేదు. కానీ అర్థం కానిది అడగడం బేఅదబీ కాదని తల్లిదండ్రులే చెప్పాలి. విమానాల పైలట్లు కంట్రోల్ టవర్ ఇచ్చిన కీలకమైన సూచనను తిరిగి చదివి వినిపించాలన్నది నియమం. తప్పు విన్నారా, సరిగ్గా విన్నారా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. ఆఫీసులోనూ ‘సర్, మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, సరేనా?’ అని ఒక్కసారి అడిగితే వారం రోజుల పని వృథా కాకుండా ఉంటుంది.

ఇక భాష సంగతి. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు పుస్తకం: ఈ మూడింటి మధ్య పెరిగిన పిల్లలు తమకు ఏ భాషా సరిగ్గా రాదని అనుకుంటూ ఉంటారు. నిజానికి ఒక విషయాన్ని ఒక భాషలో విని ఇంకో భాషలో చెప్పడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే. హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. పాఠ్యపుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అనే ప్రత్యేక విభాగాన్నే పెట్టారు. 1929లో అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ఇటీవల 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా 8 భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ చదువుకు అనుమతిచ్చింది. విషయం ఏ భాషలోనైనా అర్థం చేసుకోవచ్చు. ఉద్యోగం మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తుంది కాబట్టి అందులో చెప్పే అలవాటు కావాలి.

అలవాటు లేకపోవడానికి పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. ఇంటర్ రెండేళ్లూ బిట్లు గుర్తుపెట్టుకోవడంతోనే గడిచిపోతాయి. ఎంట్రన్స్ అంటే 3 గంటల్లో 160 ప్రశ్నలు. ఎక్కడా నోరు విప్పే పని లేదు. బీటెక్‌లో ఇంగ్లీష్ కమ్యూనికేషన్ ల్యాబ్ ఉంటుంది కానీ, చాలాచోట్ల దాన్ని రికార్డు రాసి సంతకం పెట్టించుకునే తంతుగా మార్చేశారు. ఆ ల్యాబ్‌ను గట్టిగా వాడుకున్న వాళ్లకు బయటి కోచింగ్ అవసరం పెద్దగా ఉండదు.

ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఉర్దూ ఇళ్ల పిల్లలు స్కూల్‌ను ‘ఇస్కూల్’ అంటారు, తెలుగు ఇళ్ల పిల్లలు బస్‌ను ‘బస్సు’ అంటారు. నిదానంగా, స్పష్టంగా మాట్లాడితే ఇవేవీ అడ్డు కావు. అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటేనే వినే వాళ్లకు ఇబ్బంది. మార్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ‘మైసెల్ఫ్’ అంటూ పరిచయం మొదలుపెట్టడం, ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అనడం లాంటివి. మన దగ్గర ‘పాస్డ్ అవుట్’ అంటే చదువు పూర్తయిందని; విదేశీ క్లయింటు వింటే స్పృహ తప్పి పడిపోయారని అనుకుంటాడు. ‘ప్రిపోన్’, ‘డూ ద నీడ్‌ఫుల్’ లాంటివి కూడా మన దేశం దాటితే చాలామందికి కొత్త.

గల్ఫ్‌కు వెళ్లాలనుకునే సివిల్, మెకానికల్ విద్యార్థులకు ఈ విషయం ఇంకా ముఖ్యం. అక్కడ సైట్ ఇంజినీరు రోజులో చాలా భాగం మాటల్తోనూ కాగితాలతోనూ గడుపుతాడు. పొద్దున్నే పనివాళ్లను నిలబెట్టి ఆ రోజు జాగ్రత్తలు చెప్పాలి. డ్రాయింగ్‌లో తేడా కనిపిస్తే కన్సల్టెంట్‌కు ఆర్‌ఎఫ్‌ఐ రాయాలి. సాయంత్రం డైలీ రిపోర్టు పంపాలి. ఆర్‌ఎఫ్‌ఐలో ప్రశ్న గజిబిజిగా ఉంటే జవాబు రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా కాంక్రీటు పని ఆగుతుంది. పనివాళ్లలో బీహార్, యూపీ, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లు ఉంటారు. అక్కడ ఉర్దూ వచ్చిన ఇంజినీరుకు ఉన్న సౌలభ్యం చిన్నది కాదు. ఆ భాషను బయోడేటాలో రాయడానికి మొహమాటపడే పిల్లలున్నారు, ఎందుకో!

మరి సాధన ఎలా? ఖర్చు లేని పద్ధతి ఇంట్లోనే ఉంది. చేసిన ప్రాజెక్టు గురించి రెండు నిమిషాల్లో దాదీకో నానీకో ఉర్దూలోనో తెలుగులోనో చెప్పాలి. ‘సమస్య ఏంటి, నువ్వేం చేశావ్, దానివల్ల ఎవరికి ఉపయోగం’ అన్నది ఆమెకు అర్థమైతే విషయం విద్యార్థి తలలో స్పష్టంగా ఉన్నట్టే. అర్థం కాలేదంటే ఇంగ్లీషులో చెప్పినా అర్థం కాదు. ఆ తర్వాత అదే రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. మొదటిసారి వింటే సిగ్గేస్తుంది. పదోసారికి మార్పు తెలుస్తుంది. టీమ్ ప్రాజెక్టయితే ‘మేం చేశాం’ అని వదిలేయకుండా అందులో తన వంతు ఏమిటో విడిగా చెప్పడం నేర్చుకోవాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు పట్టుకునేది అక్కడే.

గ్రూప్ డిస్కషన్‌లో అందరికంటే గట్టిగా అరిచిన వాళ్లకే మార్కులనుకోవడం పొరపాటు. వేరే వాళ్లు చెప్పింది విని, ‘ఆయన చెప్పినదానికి ఇది కలుపుతాను’ అని రెండు మంచి మాటలు మాట్లాడినా చాలు. అసలు మాట్లాడకపోతే మాత్రం ఎవరూ కాపాడలేరు. కొన్ని కంపెనీలు కంప్యూటర్ ద్వారా మాట్లాడే పరీక్ష పెడతాయి. వాక్యం విని తిరిగి చెప్పడం, చిన్న కథ విని సొంత మాటల్లో చెప్పడం లాంటివి ఉంటాయి. అక్కడ వినడం సరిగ్గా లేకపోతే మాట్లాడటమూ పోతుంది. తెలంగాణలో 2014లో ఏర్పాటైన టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఇలాంటి శిక్షణల కోసమే పెట్టిన ప్రభుత్వ సంస్థలు. తమ కాలేజీ వాటితో కలిసి పనిచేస్తోందో లేదో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను రెండో ఏడాదిలోనే అడగాలి. చివరి ఏడాది దాకా ఆగితే సమయం చాలదు.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ఎక్కువమంది ‘నో సర్’ అని లేచిపోతారు. ‘చేరిన మొదటి ఆరు నెలల్లో నాకు ఎలాంటి పని ఇస్తారు? దానికోసం ఇప్పటి నుంచే ఏం నేర్చుకుంటే మంచిది?’ అని అడగొచ్చు. జవాబు చెబుతున్నప్పుడు శ్రద్ధగా విని, అందులోంచి ఇంకో ప్రశ్న వేయొచ్చు.