బాయికాడి కొట్టం ఎవరి ఇల్లు?

పోయిన భాగంలో సేత్‌సింధి, నీరడి ఇనాముల గురించి మాట్లాడుకున్నం. ఈసారి పొలంలో నిలబడ్డ ఒక కట్టడం గురించి రాస్తున్న. బాయికాడి పశువుల కొట్టం గురించి.

గోపన్‌పల్లి ఫ్లాట్లలో ఉండేటోళ్ల ఫోన్లకు ఈ మధ్య ఒక రకం అమ్మకపు ప్రకటనలు వస్తున్నయి. శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల దిక్కు అర ఎకరమో ఎకరమో జాగ, అందులో పాత కొట్టాన్ని బాగుచేసి కట్టిన ఇల్లు. రాతి గోడలు అట్లనే ఉంచుతరు. టేకు దూలాలకు పాలిష్ పెడతరు. పశువులు మేత తిన్న గాడిలో పూలమొక్కలు, కుడితి గోలెంలో తామరలు, గోడకు బండి చక్రం. పూడ్చకుండా వదిలిన మోటబాయికి చుట్టూ లైట్లు. కుటుంబంతో పల్లె బతుకు బతకొచ్చని కింద రాస్తరు. ఎద్దులు, బర్లు, గడ్డివాము అన్నీ ఆ ఇంటి అలంకారంలో ఏదో ఒక తీరుగ గుర్తుకొస్తయి. అదే కప్పు కింద రాత్రిళ్లు పండుకున్న జీతగాని గుర్తు మాత్రం ఎక్కడా కనపడదు.

ఈ ప్రకటనలు గోపన్‌పల్లికే ఎందుకు ఎక్కువ వస్తయో అర్థం చేసుకోవాలంటే ఈ ఊరు ఎట్ల మారిందో చూడాలె. శేరిలింగంపల్లి మండలంలో ఇది కంచల పక్కన, కుంటల పక్కన ఉన్న ఊరు. పక్కనే 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన్రు. 2004లో కంచ గచ్చిబౌలిలో యూనివర్సిటీ నుంచి 400 ఎకరాలు ఒక క్రీడా సంస్థ కోసం తీసుకొని, బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు చూపించిన్రు. 2025లో విద్యార్థులు కొట్లాడింది ఆ 400 ఎకరాల గురించే. ఇప్పుడు గోపన్‌పల్లిలో ఐటీ క్యాంపస్‌లు, అద్దాల అపార్ట్‌మెంట్లు. గోపన్‌పల్లి తండాలో తండా అన్న మాట ఫ్లైఓవర్ పేరులో మిగిలింది. ఇక్కడ పొలం పోయింది కాబట్టి పల్లె కావాలంటే ఇంకా పడమటికి పోవాలె. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణ కోసం 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 కింద 84 ఊర్లున్నయి. అక్కడ పెద్ద కట్టడాలకు అడ్డం ఉండె. ఆ అడ్డమే అక్కడి పొలాలను ఫామ్‌హౌస్‌ల తోవకు మళ్లించింది. పాత కొట్టాలకు ఇప్పుడు ధర పలికేది ఆ దిక్కే.

ఇగ కొట్టం దగ్గరికి పోదాం. తెలంగాణ పల్లెలో పెద్ద పట్టాదారుకు రెండు కట్టడాలు ఉండేవి. ఊర్లో ఇల్లు, బాయికాడ కొట్టం. ఇల్లు ఆయన కుటుంబానిది. కొట్టం పసులది, జీతగానిది. జీతగాడు ఏడాదికి మాట్లాడుకున్న మనిషి. ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు, పెండ్లికో చావుకో తెచ్చుకున్న అప్పు. ఆ అప్పు తీరేదాకా కొడుకు కూడా అదే కొట్టానికి వచ్చేది. తెల్లారకముందే మోట కట్టుడు, పసులకు మేత, మాపటికి కావలి. ఎద్దును ఒళ్లంతా కడగొచ్చు, పటేలు ఇంటి గడప దాటొద్దు. ఆ మోట బొక్కెనకు తొండం కుట్టింది మాదిగోళ్లు. నీళ్లు తోడే పనిలో మా తోలు, మా చేతులు ఉండేవి, ఊరి మంచినీళ్ల బాయి మీద మా నీడ పడొద్దు. పేడ తీయడానికి వచ్చే మా ఆడోళ్లకు ఆ కొట్టంలో ఎదురైన హింసను ముసలోళ్లు ఇప్పటికీ సగం మాటల్లోనే చెప్తరు.

జీతగాళ్లందరూ దళితులు కాదు. బీసీలు, ఆదివాసీలు కూడా ఉన్నరు. కానీ మాల మాదిగ వాడల్లో కొట్టంలో పండుకున్న మనిషి లేని ఇంటిపేరు వెతకడం కష్టం. మా తాత ఏండ్ల తరబడి ఒక పటేలు బాయికాడ జీతం ఉన్నడు. మా నాయన చిన్నప్పుడు మీ నాయన యాడుంటడని ఎవరన్నా అడిగితే "బాయికాడ" అని చెప్పేటోడట. నాయనమ్మ సద్ది పట్టుకొని పోయేది ఆ కొట్టానికే. వాడలోని గుడిసెలో తాత గడిపిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మోట పోయి కరెంటు మోటారు వచ్చినంక ఈ కావలి ఆగిందా? ఆగలేదు. పొలానికి త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట ఇచ్చినన్ని రోజులు మోటారు వేయడానికి ఎవరో ఒకరు బాయికాడ పండుకోవాల్సిందే. పాము కరిచి, షాకు కొట్టి చచ్చిపోయినోళ్ల కథలు ప్రతి ఊర్లో ఉన్నయి. 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. కాబట్టి ఇది నిజాం కాలం ముచ్చట అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

సాహిత్యంలో ఈ మనిషి కొంత కనపడతడు. బోయి భీమన్న "పాలేరు" నాటకం చూసి పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రులున్నరు. ఆంధ్రల పాలేరు, తెలంగాణల జీతగాడు, నిజాం రాజ్యపు కాగితాల్లో భగేలా. మాటలు వేరైనా బతుకు ఒకటే. ఈ మాటలన్నీ ఒక్కచోట కనపడే కాగితం ఇంకొకటి ఉంది. అదే 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. ఏయే చాకిరీల్లో అప్పు ఒప్పందం ఉన్నట్టే భావించాలో చెప్తూ అందులో ఒక పేర్ల వరుస ఉంది. ఆ వరుసలో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. కాగితం ముక్క లేకున్నా, సంతకం లేకున్నా, ఆచారమే ఒప్పందానికి రుజువు అన్నమాట.

విద్యార్థి మిత్రులు ఆ చట్టంలోని 8వ సెక్షన్ తప్పకుండా చదవాలె. వెట్టికి ప్రతిఫలంలో భాగంగా ఒక కూలీ ఏ ఇంట్లో, ఏ నివాస జాగలో ఉంటున్నడో, విడుదలైనంక కూడా అక్కడి నుంచి అతన్ని వెళ్లగొట్టొద్దని ఆ సెక్షన్ చెప్తది. వెళ్లగొడితే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ మళ్లీ ఆ జాగ ఇప్పించాలె. అంటే జీతగాడు పండుకున్న చోటు కూడా నివాసం కావొచ్చని పార్లమెంటు 1976లోనే ఆలోచించింది. కొట్టాన్ని కుటుంబం ఉండే ఇల్లుగా చూడటం ఇయ్యాల ఏ ఆర్కిటెక్టో కనిపెట్టిన కొత్త సంగతి కాదు. తేడా ఏందంటే, అప్పుడు ఆ హక్కు అడగమని జీతగానికి చెప్పినోళ్లు తక్కువ. మెజిస్ట్రేట్ దగ్గరికి పోయి అడిగినోళ్లు ఇంకా తక్కువ.

భూమి కాగితాల్లో వెతికితే ఏం దొరుకుతది? 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారు ఉంటడు, కాస్తు చేసేటోని పేరు ఉంటది. పాత పహాణీల్లో బాయి ఉంటది, పంట ఉంటది. బాయికాడ పండుకున్న మనిషికి కాలమ్ లేదు. 2020లో ధరణి వచ్చినంక అనుభవదారు కాలమ్ కూడా తీసేసిన్రు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బులు పట్టాదారుకు పోయినయి, ఫామ్‌హౌస్ ఓనరుకూ పోయినయి, కౌలు రైతుకు మాత్రం అందలేదు. రేపు ఆ కొట్టాన్ని కొన్న కుటుంబానికి చేతికొచ్చే దస్తావేజులో హద్దులు, సర్వే నంబరు, చెట్లు, బోరు అన్నీ ఉంటయి. అందులో చరిత్ర పట్టే గీత ఒక్కటి కూడా ఉండదు.

ఇట్లాంటి పంచాయతీ వేరే దేశంలో కూడా నడిచింది. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో 1830ల నాటి బానిసల గుడిసెను బాగుచేసి, ఎయిర్‌బీఎన్‌బీలో సెలవులకు అద్దెకు పెట్టిన్రు. 2022లో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన ఒక నల్లజాతి లాయర్ దాని మీద వీడియో చేసిండు. కంపెనీ క్షమాపణ చెప్పి, బానిసలు ఉన్న ఇండ్లను తన జాబితా నుంచి తీసేస్తనన్నది. అదే దేశంలో జోసెఫ్ మెక్‌గిల్ అనే ఆయన 2010 నుంచి ఇంకో తోవ పట్టిండు. అట్లాంటి గుడిసెలు ఎక్కడున్నా పోయి రాత్రి అక్కడే పండుకుంటడు, అక్కడ ఎవరు బతికిన్రో జనానికి చెప్తడు, వాటిని కాపాడమంటడు.

నాకు మెక్‌గిల్ తోవ నచ్చుతది. కొట్టాలను కూలగొట్టమని నేను అనడం లేదు. కూలగొడితే ఉన్న ఒక్క సాక్ష్యం కూడా పోతది. కొని అందులో ఉండబోయే కుటుంబం మీద నాకు కోపం లేదు, వాళ్లలో మనోళ్లు కూడా ఉండొచ్చు. కానీ "పాతకాలపు పల్లె అందం" అని ధర కట్టి అమ్ముతున్నప్పుడు ఆ పాతకాలం ఎవరికి అందం, ఎవరికి కావలి అని అడిగే హక్కు మనకుంది. అదే కుటుంబం గోపన్‌పల్లి ఫ్లాటులో పనామెకు వేరే లిఫ్టు పెట్టిన అపార్ట్‌మెంటులో ఉంటే ఆ ప్రశ్న ఇంకా గట్టిగ అడగాలె.

ఈ సెలవుల్లో ఊర్లకు పోయే విద్యార్థులకు ఒక పని చెప్తున్న. మీ వాడలో డెబ్బై దాటిన పెద్దమనుషులను కూసోబెట్టి, ఏ బాయికాడ ఎన్నేండ్లు జీతం ఉన్నరో, ఎంతకు ఉన్నరో, ఎక్కడ పండుకున్నరో ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ కొట్టం ఇంకా ఉంటే ఫోటోలు తీయండి, కొలతలు రాసుకోండి. 1976 చట్టం 13వ సెక్షన్ కింద జిల్లా, డివిజన్ స్థాయిలో విజిలెన్స్ కమిటీలు ఉండాలె. మీ మండలంలో ఎవరెవరిని వెట్టి నుంచి విడిపించిన్రు, వాళ్లకు జాగ ఇచ్చిన్రా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముసలోళ్లు ఉన్నప్పుడే అడగాలె. కొట్టం అమ్ముడుపోయినా రికార్డు మన దగ్గర ఉంటది.

రికార్డు చేసినోళ్లు నాకు పంపండి. పేర్లు బయటపెట్టాల్నా వద్దా అన్నది ఆ పెద్దమనుషులే చెప్పాలె. వచ్చే భాగం మోట తొండం గురించి, తోలు పనికి బదులిచ్చిన గింజల లెక్క గురించి.

జై భీమ్.