నీడలో దాగిన మరమేకు

1814వ సంవత్సరమున డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ మణికట్టు విరుపును గూర్చి యొక వ్యాసమును ప్రకటించెను. అరచేయి ఊని పడినవారికి బొటనవ్రేలి వైపునగల ముంజేతి ఎముక విరుగుట మనమెఱిగినదే. కాలిస్ విరిగిన ఎముకను కంటితో చూడలేదు. వ్రేళ్ళతో తడిమి గ్రహించెను. రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొని మూడు నెలలైనను నిండకముందే, 1896 ఫిబ్రవరి 3వ తేదీన అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఒక బాలుని విరిగిన మణికట్టునకు ఛాయాచిత్రము తీసిరి. అందుకు పట్టిన కాలము 20 నిమిషములు!

శస్త్రచికిత్స నడుమ అంతసేపు వేచియుండుట ఎట్లు? కిరణములు సోకగా వెలుగు తెర ఆ యేడే వచ్చినది గాని, వైద్యుడు చీకటిలో కన్నులను అలవరచుకొనిన గాని అందేమియు కానరాదు. ఆ పనిలో చేతులు కోల్పోయి, ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ 1904లో మరణించెను. 1948లో కోల్ట్‌మన్ ఆ మసక వెలుగును పెక్కు రెట్లు హెచ్చించు గొట్టమును చూపెను. తరువాతి దశాబ్దమున దానిని ఆంగ్లాక్షరము ‘సి’ని బోలిన కమ్మికి అమర్చిరి. రోగిని కదల్పక, యంత్రమునే చుట్టును త్రిప్పవచ్చును.

అయినను నీడ నీడయే. 2000 ప్రాంతమునుండి అరచేతి వైపున లోహపు పలక నుంచి, మరమేకులతో ఎముకను బిగించు పద్ధతి వ్యాపించినది. మేకుల మొనలు చేతి వెనుకవైపునకు సాగును. అచ్చట ఎముక చదునుగా లేదు. లిస్టర్ బొడిపె యనబడు చిన్న మిట్టయు, దాని ప్రక్కన గాడులును గలవు. ప్రక్కనుండి చూచినపుడు మిట్ట నీడ మొనను కప్పివేయును. తెరపై అంతయు సరిగానే యుండును. గాడిలోనికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుచుకొనిన మొన మాత్రము బొటనవ్రేలిని లేపు స్నాయువును దినదినము ఒరయుచుండును. కొన్ని వారములకో నెలలకో అది తెగును, వ్రేలు లేవదు.

కావున నేటి వైద్యులు మణికట్టును బాగుగా వంచి, కిరణములను ఎముక వీపు వెంబడి పంపుదురు. ఊరి బయట నిలిచి కొండవరుస అంచును చూచినట్లు, మిట్టయు గాడియు మొనయు అప్పుడు వేర్వేరుగా కానవచ్చును. కీలులోనికి మేకు చొరలేదని తెలియుటకు ముంజేతిని సుమారు 20 డిగ్రీలు ఎత్తి, ప్రక్కనుండి మరల చూతురు. ఇంత చూచియు, కొలతకంటె కొంచెము పొట్టి మేకునే ఎన్నుకొను వైద్యుని జాగ్రత్త మాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. ఎముకను నిలుపుటకు అది చాలును.