డెగ్నర్ పట్టుకెళ్ళింది ఏమిటి?

ఎమ్‌జెడ్ రేసుబళ్ళ గురించి ఎక్కడ చదివినా కథ ఒక దొంగతనం దగ్గరికొచ్చి ఆగుతుంది. 1961లో ఎర్నెస్ట్ డెగ్నర్ అనే రేసర్ తూర్పు జర్మనీ నుంచి పారిపోయి, కంపెనీ రహస్యాలన్నీ సుజుకీ చేతిలో పెట్టాడు. అబద్ధమేం కాదు. కానీ నాకు డెగ్నర్ కన్నా, వెనక మిగిలిపోయిన ఇంజినీరు వాల్టర్ కాడెన్ మీదే ధ్యాస.

ట్షోపావ్ అనే చిన్న ఊళ్ళో ఎమ్‌జెడ్ రేసింగ్ విభాగం ఆయన చేతిలో ఉండేది. డబ్బులు అంతంతమాత్రం. గ్రాండ్ ప్రిలో ఫోర్‌స్ట్రోకులదే రాజ్యం. టూస్ట్రోక్ అంటే చవకబళ్ళ ఇంజిన్. దానికో జబ్బుంది: సిలిండర్లోకొచ్చిన పెట్రోలు-గాలి మిశ్రమంలో కొంత కాలకుండానే పొగతోపాటు బయటికి పోతుంది. కాడెన్ సైలెన్సర్ గొట్టాన్ని మధ్యలో ఉబ్బించి, చివర సన్నం చేశాడు. పొగతో బయల్దేరిన పీడన తరంగం ఆ సన్నటి చివర తగిలి వెనక్కొచ్చి, పారిపోతున్న మిశ్రమాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. అయితే సరిగ్గా పోర్టు మూసుకునే క్షణానికి రావాలి. ఆ లెక్క కోసం ఆసిల్లోస్కోపు ముందు కూర్చున్నాడాయన. 1961కల్లా 125 సీసీ ఇంజిన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. పాతికేళ్ళ తర్వాత మన కుర్రాళ్ళని ఊపేసిన ఆర్‌ఎక్స్ 100 ఇచ్చింది 11 (అది రోడ్డుబండే అనుకోండి, అయినా!).

అలాగని అంతా కాడెన్ బుర్రలోంచే పుట్టలేదు. రోటరీ వాల్వు ఆలోచన డానియల్ జిమ్మర్‌మన్‌ది. ఉబ్బు గొట్టాన్ని డీకేడబ్ల్యూలో ఎరిక్ వుల్ఫ్ ముందే వాడాడు. దొంగతనం కథ చెప్పేవాళ్ళు ఈ ముక్క దాటేస్తారు.

ఆ ఏడు ఆగస్టు 13న బెర్లిన్‌లో గోడ మొదలైంది. సెప్టెంబరు 17న స్వీడన్‌లో క్రిస్టియన్‌స్టాడ్ రేసు. 125 సీసీ పాయింట్లలో డెగ్నర్ ముందున్నాడు. ఇంకొక్క అడుగైతే ఎమ్‌జెడ్‌కి తొలి ప్రపంచ టైటిల్. ఇంజిన్ పేలిపోయింది. డెగ్నర్ తిరిగి ఇంటికి వెళ్ళలేదు. భార్యాపిల్లలు కారు డిక్కీలో దాక్కుని అప్పటికే సరిహద్దు దాటారు. ఆ చివరి మాటే నన్ను ఆపుతుంది. డిక్కీలో పిల్లల్ని దాచినవాణ్ణి ఒట్టి దొంగ అనేయడానికి నాకు నోరు రాదు. అలాగని కాడెన్ నష్టం చిన్నదీ కాదు.

టైటిల్ హోండా మీద టామ్ ఫిలిస్‌కి పోయింది. మరుసటి ఏడాదే డెగ్నర్ 50 సీసీలో సుజుకీకి తొలి ప్రపంచ టైటిల్ తెచ్చాడు. టూస్ట్రోక్ గెలిచిన మొదటి టైటిల్ కూడా అదే. తర్వాత ఆ దారిలోనే యమహా, మిగతావాళ్ళూ నడిచారు. మెల్లగా గ్రాండ్ ప్రి అంతా టూస్ట్రోక్ మోతే అయిపోయింది.

జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో ఒక మలుపుకి డెగ్నర్ పేరుంది. 1963లో అదే ట్రాక్ మీద అతను ఘోరంగా కాలిపోయాడు. కాడెన్ మాత్రం ట్షోపావ్‌లోనే ఉండి, ఇంకా ఎన్నో ఏళ్ళు ఇంజిన్లు చేశాడు. ఎమ్‌జెడ్‌కి ప్రపంచ టైటిల్ ఒక్కటీ రాలేదు.