మా డబ్బీకి ఖుదా హాఫిజ్

నిన్న మా రేవాని అమ్మేశాను. అబ్బాజాన్ దాన్ని ముద్దుగా ‘డబ్బీ’ అనేవారు. మోకాళ్లు సహకరించకపోయినా చివరిదాకా అందులోనే జుమా నమాజ్‌కు వెళ్లారు.

దాని తవారీఖ్ చిన్నదేం కాదు. 2001లో బెంగళూరు నుంచి రోడ్డెక్కింది. రెండు తలుపులు, 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఇక్కడ జనం నవ్వారు. లండన్‌లో మాత్రం ‘జీ-విజ్’ పేరుతో తిరిగింది. రద్దీ పన్ను మాఫీ కావడంతో అక్కడ ఇజ్జత్ దక్కింది. 2010లో మహీంద్రా చేతికెళ్లింది.

ఇవాళ గల్లీగల్లీలో కరెంటు బండ్లే. ముందు నడిచినదాన్ని మాత్రం తూకానికి అడిగారు. మనసొప్పలేదు. లిథియం బ్యాటరీ వేసి నడుపుతానన్న మెకానిక్ కుర్రాడికి తక్కువకే ఇచ్చేశాను.

“భాయ్, ఈ పక్కసీటు ముందుకు జరపనా?” అన్నాడు.

అబ్బా మోకాళ్ల కోసం వెనక్కి జరిపిన సీటు అది.

“ఉండనీ బేటా,” అన్నాను.