గడ్డము - కొలువు

మొన్నటి మార్గశిరమాసమున ఒకనాడు తెల్లవారుజామున మా తమ్ముని మనుమడు అమెరికానుండి ఫోను చేసి, "తాతా, గడ్డం తీసెయ్యమంటావా?" అని అడిగెను. వాడచ్చట డిగ్రీ చదువు ముగించి వైద్యకళాశాలలో ప్రవేశమునకు దరఖాస్తు పెట్టుకొనియుండెను. ఆ దేశమున మార్కులు మాత్రమే చూచి చేర్చుకొనరు. అభ్యర్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలాడి, మనిషి తీరు తెలిసికొనిన పిదపనే చోటిత్తురు. 2020లో కరోనా వచ్చినది మొదలు ఈ సంభాషణము పెక్కు కళాశాలలలో కంప్యూటరు తెరమీదనే జరుగుచున్నది. మావాడేమో అయ్యప్పమాల వేసికొని ఇరువదియవ దినమున నున్నాడు. మండలము నలువదియొక్క దినములు. అంతవరకు కత్తి ముట్టరాదు. నల్లబట్టయు, చెప్పులులేని కాళ్లును తెరకు అందవు. అందునది ముఖమొక్కటే. ఆ ముఖము నిండ గడ్డమున్నది.

వాని తండ్రి తీసివేయుమనెను. నాయనమ్మ తీయరాదనెను. తోడి విద్యార్థులు తలకొక మాట చెప్పిరి. నేను చాలకాలము పిల్లలకు చరిత్రపాఠములు చెప్పినవాడనగుటచే ఈ తగవు నాకడకు వచ్చినది. రెండు దినములు గడువడిగితిని. ఆ రెండు దినములలో నేను నెమరువేసికొనిన సంగతులనే నేడు మీకు విన్నవించుచున్నాను.

మన భాషలో గడ్డమనగా చుబుకమునకును, దానిపై మొలచు రోమములకును ఒకటే పేరు. గడ్డము పట్టుకొని బ్రతిమాలుదుము, గడ్డము గీసికొందుము. మీసమునకైనచో పంతముకూడ తోడగును: మాట తప్పినచో మీసము తీయించుకొందునని పందెము వేయని ఊరు మన సీమలో కలదా? క్షౌరమునకు వారమును తిథియు చూచుట, భార్య గర్భవతిగా నున్నప్పుడు మగడు కత్తి ముట్టకుండుట, మొక్కుబడికి తిరుమలలో తలనీలము లిచ్చుట మీరెరుగని విషయములు కావు. ముఖముపై వెండ్రుకలు ఉండుటగాని ఉండకపోవుటగాని మనకెన్నడును ఒట్టి అలంకారము కాదు. ఇల్లును, దైవమును, మాటయు దానితో ముడిపడియున్నవి. కొలువిచ్చువానికి మాత్రము అది శుభ్రమునకు గుర్తు, లేదా విధేయతకు గుర్తు. తగవు పుట్టుట ఇచ్చటనే.

కొలువునకు గడ్డమును ముడిపెట్టిన ప్రభువులలో రష్యా చక్రవర్తి పీటరును ముందుగా తలచుకొనవలెను. అతడు 1698లో పడమటి దేశములు తిరిగి వచ్చి, తన్ను చూడవచ్చిన ప్రభువుల గడ్డములను స్వహస్తముతో కత్తిరించెను. 1705లో గడ్డముపై పన్ను విధించెను. గొప్ప వర్తకుడు గడ్డము నిలుపుకొనవలెనన్న ఏటికి నూరు రూబుళ్లు చెల్లింపవలెను. పల్లెకాపునకు తన యూర నున్నంతకాలము పన్ను లేదు గాని, పట్టణద్వారము దాటునప్పుడెల్ల చిన్న నాణెము చేత బెట్టవలెను. పన్ను కట్టినవారికి బిళ్ల నొకదాని నిచ్చెడివారు. దానిమీద ముక్కు, మీసము, గడ్డము చెక్కి, సొమ్ము ముట్టినదని వ్రాసియుండెను. ఇట్టి బిళ్లలు నేటికిని ప్రదర్శనశాలలలో కలవు. పీటరు కొలువులో పనిచేసిన పెర్రీ అను ఆంగ్లేయ ఇంజనీరు ఒక వడ్రంగి సంగతి వ్రాసియుంచెను. ఆ వృద్ధుడు ఓడలపనిలో నుండెను. గొరిగించుకొని వచ్చినవానిని చూచి పెర్రీ వేళాకోళముగా గడ్డమేదని అడుగగా, అతడు రొమ్ములో చేయిపెట్టి, దాచుకొనిన గడ్డమును తీసి చూపెను. చచ్చిన పిదప పెట్టెలో తనతోకూడ దానినిగూడ పెట్టింతుననియు, పైలోకమున పుణ్యపురుషుడైన నికొలసునకు లెక్క యొప్పజెప్పవలెననియు పలికెనట. ఆ పన్ను 1772 వరకు నడచెను. పీటరు ఓడలు కట్టించెను, నగరము కట్టించెను, నేను కాదనను. కాని ఆ వడ్రంగి రొమ్ములోని మూట నాకు మరపునకు రాదు.

మనకు దగ్గరి కథ వేలూరిది. మా చిత్తూరు సీమకు వేలూరు పొరుగూరు. ఆ కోట కందకమును, లోపలి జలకంఠేశ్వరుని కోవెలను నేను పలుమారులు చూచితిని. 1805 నవంబరులో మద్రాసు సైన్యమునకు క్రొత్తతీరు తలపాగా నిర్ణయమయ్యెను. దానికి తోలుతో చేసిన కుచ్చు కలదు. సర్ జాన్ క్రాడక్ అను సేనాధిపతి కాలమున 1806లో వెలువడిన నియమావళిలో మరియొక నిబంధన చేరెను. సిపాయి యూనిఫారము తొడిగినప్పుడు ముఖమున కులచిహ్నము దిద్దరాదు. చెవిపోగులు పెట్టరాదు. కవాతునకు వచ్చునప్పుడు గడ్డము నున్నగా గొరిగియుండవలెను. మీసములు వీలైనంతవరకు అందరికిని ఒకేతీరున నుండవలెను. ఇంతే నిబంధన. వ్రాసినవారు దానిని కవాతునకు సంబంధించిన చిన్న ముచ్చటగా నెంచిరి. బొట్టు చెరిపినచో హిందువునకును, గడ్డము తీసినచో మహమ్మదీయునకును, తోలు నెత్తికెక్కినచో ఇరువురకును ఏమగునో అడిగి తెలిసికొనినవారు లేరు.

మే నెలలో వేలూరునందు ఒక పటాలమువారు క్రొత్తతలపాగా పెట్టుకొనమనిరి. వారిలో ఇరువురకు, ఒక హిందువునకును ఒక మహమ్మదీయునకును, తొమ్మిదివందల కొరడాదెబ్బలు శిక్ష పడెను. అంతటితో అణగినదని దొరలు తలంచిరి. జూలై 10వ తేదీ వేకువకు ముందే సిపాయిలు లేచిరి. నిదురించుచున్న తెల్లసోల్జర్లపై కాల్పులు సాగెను. నూరుమందికి పైగా చచ్చిరి. కోటలో టిప్పుసుల్తాను కుమారులు కాపుదలలో నుండిరి గనుక మైసూరు జెండా కోటపై ఎగిరెను. ఆర్కాటునుండి గిలెస్పీ అను సేనాని గుర్రపుదళముతో వచ్చి కొన్ని గంటలలోనే కోటను పట్టుకొనెను. ఆనాడు చచ్చిన సిపాయిలు సుమారు 350 మంది. పట్టుబడినవారిని గోడకు చేర్చి కాల్చిరి. పిమ్మట విచారించి కొందరిని ఫిరంగినోట బెట్టి పేల్చిరి.

ఈ అలజడి వేలూరితో ఆగలేదు. హైదరాబాదులోని కంపెనీదండునందును ఆ నియమములవలననే గుసగుసలు పుట్టెను. అచ్చటి అధికారి మాంట్రెసర్ తెలివిగలవాడై, పైవారి సెలవుకు కనిపెట్టుకొని కూర్చుండక, ఆ నియమములను తానే నిలిపివేసెను. అచ్చట గోడకు చేర్చి కాల్చవలసిన పని కలుగలేదు. వేలూరి కథనుగూర్చి వ్రాయువారు గిలెస్పీ గుర్రమును వర్ణించినంత మాంట్రెసర్ కాగితమును వర్ణింపరు. నాకు కాగితమే గొప్పగా తోచును. తరువాత ఆ నియమములు అంతటను రద్దయ్యెను. క్రాడక్కును, గవర్నరు బెంటింకును ఇంగ్లండునకు తిరిగి పిలిపించిరి. టిప్పు కుమారుల కుట్రయే మూలమని దొరలు కొందరు వాదించిరి. కుట్ర యుండిన నుండవచ్చును. అయినను మందు కూరకయే తుపాకి పేలదుగదా. ఈ బెంటింకే 1828లో గవర్నర్ జనరలుగా మరలివచ్చి, మరుసటియేడు సహగమనమును నిషేధించెను.

సిపాయిగడ్డము గొరిగింపజూచిన ఆ ఆంగ్లేయులే తరువాత తమవారి మీసమును తీయరాదని శాసించిరి. 1853లో మొదలైన క్రిమియా యుద్ధపు చలిలో సైనికులు గడ్డములు పెంచిరి. అది ఊరికి వచ్చి నాగరకమయ్యెను. బ్రిటిషుసైన్యపు నియమావళిలో పైపెదవి గొరుగరాదను మాట చేరెను. పడుచువాడు మీసము మొలవకున్నను పెదవిని కత్తికి దూరముగా నుంచవలసినదే. ఆ మాట 1916 అక్టోబరులో రద్దయ్యెను. ఉత్తరువుపై చేవ్రాలు చేసిన మెక్రెడీ సేనాని తన మీసమునే ముందుగా తీయించుకొనెనని చెప్పుదురు.

అమెరికాలోనైతే 1860లో లింకను అధ్యక్షపదవికి పోటీచేయుచుండగా పదునొకండేండ్ల బాలిక యొకతె జాబు వ్రాసెను: ముఖము చిక్కియున్నది, గడ్డము పెంచిన బాగుండునని. ఆయన పెంచెను. పదవికి గడ్డము తీసినవారేకాదు, పెంచినవారును కలరని చెప్పుటకే ఈ ముచ్చట.

గడ్డమునకు విరోధముగా సరియైన కారణము మొదటిసారి చూపినది విషవాయువు. 1915 ఏప్రిల్ 22న ఈప్రయొద్ద జర్మనులు క్లోరిన్ వదలిరి. అంతట ముఖమునకు అదుముకొను తొడుగులు సైనికుల కవసరమయ్యెను. అంచునకును చర్మమునకును నడుమ వెండ్రుకలున్నచో గాలి సందు చేసికొనును. ఇది రుచికి సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించినది. ఆ సమయమునకే జిల్లెట్టు అను నాతడు పలుచని బ్లేడు కనిపెట్టియుండెను. 1903లో అతడమ్మినవి 51 రేజర్లు మాత్రమే. 1918లో అమెరికా ప్రభుత్వము సైనికులకై కొనినవి 35 లక్షలు. మంగలి పొది విప్పి, కత్తికి సాన పట్టి, మంచివారము చూచి గొరుగు కాలము పోయి, ప్రతి ఉదయము ఎవరి ముఖము వారు గీసికొను కాలము వచ్చెను. యుద్ధమునుండి తిరిగివచ్చినవారు ఆ యలవాటును ఆఫీసులకు తెచ్చిరి. కొలువునకు నున్ననిగడ్డము మర్యాదయైన దనుటకు ఈ బ్లేడు చాలవరకు కారణమని నా యూహ.

మన యిండ్లలోనైతే తగవు ముందు జుట్టుతో వచ్చెను. మా తాత పట్టణమున చదువుకొని, జుట్టు తీయించి క్రాపు పెట్టుకొని ఊరికి వచ్చిన నాడు మా ముత్తవ్వ రెండుపూటలు అన్నము ముట్టలేదని ఇంట చెప్పుకొనెడివారు. మూడవపూట ఆమెయే ఆ క్రాపునకు నూనె రాచినదట.

వైద్యులకు ముఖపుతొడుగు మాట 2020లో మరల ముందుకు వచ్చెను. రోగివద్దకు పోవు వైద్యుడు ధరించు గట్టితొడుగుక్రింద గడ్డము ఉండరాదని అమెరికా నియమము. కెనడాలోని మాంట్రియల్ నగరమున ఇరువురు సిక్కువైద్యులు, తోడబుట్టినవారు, రోగులను విడిచి ఇంట కూర్చుండలేక, ఎన్నడును కత్తి తగులని తమ గడ్డములను తీసివేసిరి. మరికొందరు సిక్కువైద్యులు గడ్డమును సాగుడుపట్టెతో బిగించి కప్పి, దానిమీద తొడుగు తగిలించు ఉపాయము పరీక్షించి చూచిరి. ఈ రెండు త్రోవలలో ఏది మేలో దూరమున నుండి తీర్పు చెప్పుటకు నేను సాహసింపను.

మూడవనాడు మనుమనికి ఫోను చేసితిని. రెండు ప్రశ్నలు వేరుచేసికొమ్మంటిని. రోగికొరకు తీయవలసివచ్చిన, దీక్షలో నున్నను గురుస్వామి నడిగి తీయుము. ఎదుటివాని కంటికి నచ్చుటకై మాత్రము తీయకుము. అయినను నూనె రాచి, దువ్వి, నల్లచొక్కాపై కోటు తొడిగికొని శుభ్రముగా కూర్చుండుము. ఆ మాట చెప్పునప్పుడు నాకు గుండె దడదడలాడెను. చోటు పోయినచో పోవునది వానిదిగాని నాది కాదుగదా. వాని తండ్రి నాతో వారము దినములు సరిగా మాటలాడలేదు.

సంభాషణమునాడు పరీక్షించినవారిలో ఒక వృద్ధవైద్యురాలు గడ్డముమాట తానే అడిగెనట. వీడు దీక్షసంగతి చెప్పెను. "రేపు క్షయరోగి గదిలోనికి పోవలసివచ్చిన నేమి చేయుదు" వని ఆమె మరల ప్రశ్నించెను. "ఆ దినమే తీసివేయుదును. దేవుడు ఇంకొక యేడు వేచియుండగలడు, రోగి వేచియుండలేడు" అని చెప్పితినని వాడు నాతో అనెను. ఆమె ఏమియు అనక కాగితముపై ఏదో వ్రాసికొనినదట. కళాశాలనుండి జాబు ఇంకను రాలేదు.

దీక్ష ముగిసిన మరునాడు వాడు తెరమీద మరల కనబడెను. గడ్డము లేదు. దవడక్రింద చిన్న గాటుపై దూదిముక్క అంటించియుండెను. "కత్తి అలవాటు తప్పింది తాతా" అనుచు నవ్వెను.