రియాజత్: అశ్వశాల నుండి వచ్చిన మాట

అరబ్బీ గ్రంథాలను తెలుగు చేసేవారికి ‘రియాజత్’ అనే పదం తరచు ఎదురవుతుంది. సూఫీ రచనల్లో అది ఆత్మశిక్షణ. హిందుస్తానీ గాయకుల నోట ‘రియాజ్’ అయి సంగీత సాధనను తెలుపుతున్నది. నేటి అరబ్బీలో క్రీడలకు అదే పేరు. అయితే ప్రాచీన నిఘంటుకారులు ఆ ధాతువుకు చెప్పిన అర్థాల్లో ప్రధానమైనది వేరు: స్వారీ ఎరుగని గుర్రపుపిల్లను స్వారీకి తీర్చడం. దీన్ని తెలుగులో ‘దమనం’ అనాలా, ‘మచ్చిక’ అనాలా? మొదటి మాటలో కొరడా ఉంది. రెండవదానిలో నిమిరే చేయి ఉంది. పదాన్ని నిర్ణయించేముందు పనిని తెలుసుకోవడం న్యాయం.

గుర్రం స్వభావసిద్ధంగా బెదురు జంతువు. పరుగే దాని రక్షణ. కళ్ళు తలకు ఇరుప్రక్కలా ఉండడంచేత దాదాపు చుట్టూ చూడగలదు గాని, సరిగ్గా తన వెనుక ఉన్నదాన్ని చూడలేదు. అందుచేత నేర్పరి భుజం వైపునుండి, మాట వినిపిస్తూ సమీపిస్తాడు. ఎక్కడానికి ఎంతో ముందే నేలమీద నిలిచి పగ్గంతో నడిపిస్తాడు, ఆపుతాడు, వెనక్కు అడుగు వేయిస్తాడు. అది మాట విన్న క్షణమే పగ్గం వదులు చేస్తాడు. ఆ వదులే దానికి బహుమానం. జీను వేయడానికి ముందు గుడ్డను చూపి, వాసన చూడనిచ్చి, భుజానికి తాకించి, అది బెదరకముందే తీసివేస్తాడు. ఇలా రోజులు గడిచేకొద్దీ భయం స్థానంలో నమ్మకం కుదురుతుంది.

ఈ జ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దిలో గ్రీకు రచయిత జెనొఫన్, పిల్లగుర్రాన్ని జనసమూహాల మధ్య నడిపించి రకరకాల ధ్వనులకు అలవాటు చేయాలనీ, బెదిరినప్పుడు కోపించక శాంతంగా నేర్పాలనీ బోధించాడు. అరబ్బు సంచారజాతులు పిల్లగుర్రాలను గుడారాల చెంతనే, ఒంటెపాలు పోసి పెంచేవారు. మనిషి అలికిడి వాటికి పుట్టుక నుండీ పరిచయమే. హిజ్రీ 3వ శతాబ్దిలో (క్రీ.శ. 9) ఇబ్న్ అఖీ హిజామ్ అశ్వవిద్యను, అశ్వవైద్యాన్ని ఒకే గ్రంథంలో చేర్చాడు. ఈజిప్టు మమ్లూకు సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ (మరణం 1341) అశ్వవైద్యుడు అబూబక్ర్ ఇబ్న్ బద్ర్ అదే దారిలో రచించిన గ్రంథం 1852-60 మధ్య ఫ్రెంచిలోకి వచ్చింది. శిక్షకుడు, వైద్యుడు ఒకే కుదుట కూర్చున్న సంప్రదాయమిది.

దీని వెనుక నైతిక బోధ కూడా ఉంది. మొరాయించిన ఒంటెపై కటువుగా వ్యవహరించిన హజ్రత్ ఆయిషా (రజి)కు దైవప్రవక్త (స) మృదుత్వం వహించమని చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇక ఇమామ్ గజాలీ (మరణం హి. 505/క్రీ.శ. 1111) ‘ఇహ్యా’లో ఒక అధ్యాయానికి ‘రియాజతున్నఫ్స్’ అనే పేరు పెట్టాడు. స్వభావం మారదనే వారికి ఆయన చూపిన దృష్టాంతాల్లో ఒకటి గుర్రమే: మొండితనం వీడి అది విధేయం కాగలదు గదా! పైగా కోపాన్ని, కోరికను సమూలంగా పెరికివేయడం లక్ష్యం కాదనీ, వాటిని మితానికి తేవడమే లక్ష్యమనీ స్పష్టం చేశాడు. కాళ్ళు విరిచిన గుర్రం ఎవరికీ పనికిరాదు.

కనుక ‘ఆత్మదమనం’ అని రాస్తే పాఠకుడు తన మనస్సును శత్రువుగా ఎంచుతాడు. ‘మనస్సును మచ్చిక చేసుకొనుట’ అంటే పగ్గం చేతిలోనే ఉంటుంది, ఓర్పు కూడా ఉంటుంది. మూలపదం పుట్టిన అశ్వశాల ఈ రెండవ అనువాదానికే సాక్ష్యం పలుకుతున్నది.