తల్లులు పెట్టిన పేరు

రోగములకు పేరు పెట్టుట వైద్యుల వాడుక. తల్లులు పెట్టిన పేరునే వైద్యశాస్త్రము స్వీకరించిన రోగ మొకటి కలదు. దాని చరిత్రము గృహస్థులెల్లరు తెలిసికొనదగినది.

1929లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టునకు, అనగా నేటి ఘనా దేశమునకు, ఉద్యోగమునకై పోయెను. అచ్చట ఏడాది మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డలు కాలుసేతులు వాచి, చర్మము నల్లబడి పొరలుగా ఊడి, వెండ్రుకల రంగు మారి మరణించుచుండిరి. వీరు తల్లిపాలు మాని మొక్కజొన్న గంజితో పెరుగువారు. ఇది ఆహారలోపము వలన గలిగిన వ్యాధి యని 1933లో ఆమె వ్రాసెను. పెల్లాగ్రా యని కొందరు వాదించిరి. 1935లో ఆమె లాన్సెట్ పత్రికలో స్థానికులు వాడు 'క్వాషియోర్కర్' అను పేరునే ప్రకటించెను. తమ్ముడో చెల్లెలో పుట్టినపుడు పెద్దబిడ్డకు వచ్చు జబ్బని ఆ 'గా' భాషాపదమునకు భావము. చనుబాలు దూరమగుటయే మూలమని ఆ తల్లులు ముందే గుర్తించిరి.

పిమ్మట ఈ రోగమునకు మాంసకృత్తుల కొరతయే కారణమను మతము లోకమున వ్యాపించెను. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందుకై ఒక సలహాసంఘమునే నెలకొల్పెను. మాంసకృత్తులు దండిగా గల ప్రత్యేకాహారములను తయారుచేయు యత్నములు బయలుదేరెను.

కూనూరునందలి పోషణ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. అందలి డాక్టరు సి. గోపాలన్ గారు పేదబిడ్డల భోజనమును పరిశీలించి వేరొక సంగతి చూపిరి. ఆ బిడ్డలకు మొదటి కొరత తిండి పరిమాణమునందే. ఇంటిల్లిపాది తిను ధాన్యమును పప్పును కడుపార పెట్టినచో మాంసకృత్తుల వెలితియు చాలవరకు తీరును. కడుపు నిండనిచో తిన్న మాంసకృత్తులు సైతము ఒడలు పెంచక, పొయ్యిలోని కట్టెవలె కాలిపోవును. 1974లో డాక్టరు మెక్లారెన్ గారును లాన్సెట్ పత్రికలోనే మాంసకృత్తుల మతమును తీవ్రముగా ఖండించిరి.

వేయించిన గోధుమలు, సెనగపప్పు, వేరుసెనగలు, బెల్లము కలిపిన పొడి 'హైదరాబాదు మిశ్రమ'మని ప్రసిద్ధికెక్కెను. ఇందు అంగటి డబ్బా ఏదియు లేదు. వాపు వచ్చి ఆకలి చచ్చిన బిడ్డను మాత్రము ఆలసింపక ఆసుపత్రికి గొనిపోవలయును. అట్టి బిడ్డకు తొలిదినములలో కొంచెము కొంచెముగా, మాటిమాటికి ఆహారమీయవలయును.

పేదతల్లి అజ్ఞానమే బిడ్డ చావునకు హేతువని మనమెంత సులభముగా అందుము! రోగకారణమును ఒక్క పేరులో చెప్పిన తల్లికి తెలివి తక్కువయా? చిన్నబిడ్డకు దినమునకు నాలుగైదు మారులు తినిపింపవలయును. ప్రొద్దు పొడవకమునుపే కూలికి పోవు తల్లికి ఆ తీరిక ఎవరిచ్చిరి? ఆమెకు పాఠము చెప్పబోవుటకు ముందు, గింజలును, పగలు బిడ్డను చూచువారును ఆమెకు సమకూడునట్లు చేయుట మన విధి.